వరండాలో ఐస్‌పెట్టె

“దాన్ని అక్కడే వదిలెయ్ డొలోరస్! ముట్టుకున్నావంటే నేనేం చేస్తానో నాకే తెలీదు!”

మార్లిస్ అరుపు వీధి చివరిదాకా వినబడింది. ఎదురింటి ముందు రాలిన ఆకులు పోగుచేస్తున్న ఆయన చెయ్యి ఆపి ఒకసారి ఇటు చూశాడు. చూసి, ఏమీ చూడనట్టు మళ్ళీ ఆకుల మీద పడ్డాడు. మా ఊళ్ళో ఎవరైనా గొంతు పెంచితే మిగతావాళ్ళు చేసే మొదటి పని అదే.

ఊళ్ళోవాళ్ళు వండినవి పెట్టి పోయే నీలం రంగు ఐస్‌పెట్టె మార్లిస్ తన్నిన తన్నుకి వరండా మెట్ల మీంచి దొర్లి పచ్చిక మీద పక్కకి పడి ఉంది. మూత ఊడిపోయింది. లోపలి గిన్నెల్లో ఒకటి బోర్లాపడి, నిన్న స్నేహితురాలు బెవ్ వండి తెచ్చిన అడవి బియ్యం సూపు ఎండుటాకుల మీదికి చిక్కగా కారుతోంది. మాంసం మీద బంగాళదుంపలు పరిచి కాల్చిన, పొయ్యిలోంచి అప్పుడే తీసిన హాట్‌డిష్ పళ్ళేన్ని రెండు చేతులతో పట్టుకుని, డొలోరస్ కింది మెట్టు మీద కొయ్యబారి నిలబడింది.

డొలోరస్ అంత తేలిగ్గా తడబడే మనిషి కాదు. బళ్ళో పిల్లలకి వండి వండి, ఒక్క కేకతో రెండొందల మందిని వరసలో నిలబెట్టిన ఆడది. అలాంటి ఆవిడ కూడా పళ్ళెం ఎక్కడ పెట్టాలో తెలీక అటూ ఇటూ చూసింది.

“మార్లిస్... ఏమైందే? ఆర్వోకి ఏమన్నా...”

“ఆర్వోకేమవుతుంది? లోపల కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. రోజూ కూర్చున్నట్టే! నీకెలా తెలుస్తుందిలే, నువ్వు లోపలికొస్తేగా!”

“సరే, ముందిది పట్టుకో. చేతులు కాలుతున్నాయి.”

“పట్టుకోను. రోజూ ఏం చేస్తావో అదే చెయ్యి. బెల్లు కొట్టకుండా పిల్లిలా వచ్చి పెట్టెలో పెట్టేసి, కారెక్కి పో.”

“నీకు ఇబ్బందని కదే!”

“ఏం ఇబ్బంది? తలుపు తియ్యడం ఇబ్బందా నాకు?”

డొలోరస్‌కి కూడా ఒళ్ళు మండింది. పళ్ళెం తీసుకెళ్ళి వరండా గట్టు మీద ఠక్కున పెట్టింది.

“నువ్వే కదా వద్దన్నావు! ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజున నేను ఫోన్ చెయ్యలేదూ? శనివారం ఎప్పటిలా అందరం వస్తాం అన్నానా లేదా? ‘వద్దులే డొలోరస్, మీకెందుకు శ్రమ’ అన్నావా లేదా? ఈ చెవులతో విన్నాను.”

“అన్నాను. ఎన్నిసార్లు అన్నాను?”

“ఎన్నిసార్లేమిటి?”

“ఒక్కసారి! ఒక్కటంటే ఒక్కసారి అన్నాను. నీ ఇంటికొస్తే కాఫీ తాగవే అని నువ్వంటావు. నేనేం చేస్తాను?”

డొలోరస్ ముఖంలో కోపం మెల్లగా దిగిపోయింది.

“చెప్పు. ఏం చేస్తాను?”

“వద్దంటావు. మళ్ళీ అడిగితే మళ్ళీ వద్దంటావు. మూడోసారికి... కూర్చుంటావు.”

“మరి నన్ను మూడోసారి ఎవరడిగారే?” అంది మార్లిస్. మెట్ల మీద కూలబడి మోకాళ్ళలో తల దాచుకుంది.

మా వైపు మొహమాటం సంగతి బయటివాళ్ళకి చెప్తే నవ్వుతారు. ఇనుప గనుల చుట్టూ పుట్టిన ఊళ్ళు మావి. ఫిన్నులు, స్లొవీనులు, ఇటలీవాళ్ళు, సముద్రం దాటి ఎక్కడెక్కడినుంచో వచ్చిన తాతలు మాకు నేర్పిపోయింది ఒకటే. మొదటి ‘వద్దు’ మర్యాద, రెండో ‘వద్దు’ కూడా మర్యాదే, మూడోసారి చెప్పింది మాత్రమే నిజం. పళ్ళెంలో ఆఖరి ముక్క మిగిలితే మాలో ఒక్కరూ తియ్యరు. దాన్నే సగం, సగంలో సగం కోసుకుంటూ చివరికి గోరంత ముక్కని మూత పెట్టి దాస్తాం. అలా బతికినవాళ్ళం, ఒక ఇంట్లోకి జబ్బు వచ్చేసరికి భయపడిపోతాం. రోగి ఉన్న ఇల్లు కదా, రెట్టించి అడిగితే బావుండదని మొదటి మాటే నిజమనుకుని వెనక్కి తగ్గుతాం. దానికి మేం పెట్టుకున్న పేరు మర్యాద. ఆ మర్యాదే మార్లిస్ కొంప ముంచింది.

“ముక్కు తుడుచుకో,” అంది డొలోరస్, జేబులోంచి రుమాలు తీసిచ్చి. “లోపలికి వస్తున్నాను. వద్దన్నా వస్తాను.”

*

ఆ వంటింటి బల్ల మార్లిస్ భర్త ఆర్వో సొంతంగా చేసుకున్నది. ఎనిమిది మంది కూర్చోవచ్చు. పెరట్లో సౌనా గది కూడా అతను కట్టుకున్నదే. ప్రతి శనివారం మధ్యాహ్నం దాని పొయ్యి వెలిగేది. ఆడవాళ్ళు ముందు, మగవాళ్ళు తర్వాత ఆ ఆవిరిలో ఒళ్ళు కాచుకుని, ఎర్రబడ్డ ముఖాలతో ఈ బల్ల చుట్టూ చేరేవాళ్ళు. ఎవరికి తోచింది వాళ్ళు వండి తెచ్చేవాళ్ళు. డొలోరస్ భర్త చనిపోయిన ఏడాది ఆవిడ తిండి మానేస్తే, ఆర్వోయే వెళ్ళి కారులో ఎక్కించుకొచ్చి ఈ బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. బెవ్ భర్త గోర్డీ ఉద్యోగం పోయినప్పుడు కూడా శనివారం ఆగలేదు.

ఆగింది ఆర్వో పక్షవాతం వచ్చి పడిపోయిన నాడే. సౌనాలోనే, ఆవిరి మధ్యలో, పక్కన చిన్ననాటి స్నేహితుడు టౌనో ఉండగా.

ఇప్పుడు ఆ బల్ల మీద ఒకే ఒక్క గిన్నె ఉంది. అందులో లేత పచ్చగా, జావలా మెదిపిన బఠాణీ. ఆర్వో చక్రాల కుర్చీలో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ఎంత మనిషి! లారీల కింద దూరి ఇంజన్లు మోసినవాడు. చొక్కా మెడ దగ్గర ఇద్దరు దూరేంత వదులుగా వేలాడుతోంది. కుడి చెంప జారిపోయి నోటి మూల తడిగా ఉంది.

డొలోరస్ బలవంతాన నవ్వు తెచ్చుకుంది.

“ఏంరా ఆర్వో, సన్నబడి సినిమా హీరోవయ్యావే!”

ఆర్వో తల తిప్పలేదు.

“చూడు,” అంది మార్లిస్. కుర్చీని బల్ల వైపు తిప్పింది. అతని గడ్డం కొంచెం కిందికి వంచి, చెంచా కొనలో కాస్త బఠాణీ తీసి పెదాల దగ్గర పెట్టింది. “ఆర్వో, ఒక్క చెంచా. డొలోరస్ కూడా వచ్చింది చూడు.”

అతని పెదాలు బిగుసుకున్నాయి.

“ఒక్కటే నాయనా.”

తెరవలేదు. మార్లిస్ చెంచా గిన్నెలో పడేసింది.

“మింగడం నేర్పే అమ్మాయి వారానికి రెండుసార్లు వస్తుంది. గొంతు బాగానే పనిచేస్తోంది, మింగగలడు అంటుంది. అలవాటు తప్పకుండా రోజూ తినిపించు, కూర్చోబెట్టి, కొంచెం కొంచెంగా, రెండేసిసార్లు మింగమను అంటుంది. ఆ పిల్ల ఎదురుగా ఉంటే రెండు చెంచాలు తింటాడు. వెళ్ళగానే నోటికి తాళం. బరువు చూశారు మొన్న. పడిపోతూనే ఉంది. మంగళవారం రమ్మన్నారు.”

“దేనికి?”

“కడుపులోకి తిండి పోసే గొట్టం వెయ్యడానికి.” మార్లిస్ డొలోరస్‌ని తలుపు పక్కకి తీసుకెళ్ళి గొంతు తగ్గించింది. “ఆ గొట్టం చెడ్డదేం కాదు, దాంతో ఏళ్ళ తరబడి బతికేవాళ్ళున్నారు. కానీ ఇతను అదొచ్చాక నోటితో తినడానికి ఇక ప్రయత్నమే చెయ్యడు. నాకు తెలుసు. నలభయ్యేళ్ళుగా తెలుసు ఈ మనిషి. డాక్టరు కూడా అదే భయమంది. మంగళవారం లోపల తింటున్నాడని చూపించగలిగితే కొన్నాళ్ళు ఆగుదాం అంది.”

“నువ్వేం తింటున్నావు?”

“నాకేం? మీరంతా పెట్టె నింపుతున్నారుగా.”

“నేనడిగింది నువ్వేం తింటున్నావని.”

“ఇతను తినకుండా నాకెలా దిగుతుందే?” అంది మార్లిస్. “సింకు దగ్గర నిలబడి రెండు ముద్దలు. చాలు.”

డొలోరస్ గోడ మీది ఫోన్ దగ్గరికి నడిచింది.

“ఎవరికే?”

“బెవ్‌కి. ఇవాళ శనివారం.”

“వద్దు డొలోరస్, ఇలాంటప్పుడు వాళ్ళకెందుకు...”

“ఇది మొదటిసారి వద్దన్నావు. లెక్క నేను చూసుకుంటాను.” అవతల బెవ్ ఎత్తింది. “బెవ్, నేను డొలోరస్‌ని. ఆర్వో ఇంట్లో ఉన్నాను. అయిదింటికి భోజనం. నువ్వూ గోర్డీ వచ్చెయ్యండి... లేదు, ఇబ్బందేం కాదు... ఆయన ముందు తినడం బావుండదంటావా? అతను మింగలేక కూర్చుంటే మనం నములుతూ... అవునే, నాకూ అలాగే అనిపించింది. అందుకే ఇక్కడికొచ్చాక సిగ్గుతో చచ్చిపోతున్నాను. రెండోసారి అడుగుతున్నాను... మీ ఇంట్లో సూపు ఉంటే ఏం? ఆ సూపు ఇప్పుడు ఇక్కడ పచ్చిక తాగుతోంది, నీకు తెలుసా? మూడోసారి, బెవ్. రొట్టె పట్టుకురా.”

పెట్టేసి మళ్ళీ నంబరు తిప్పింది. చాలాసేపు మోగింది. మళ్ళీ తిప్పింది.

“టౌనో ఎత్తడంలేదు.”

“ఎత్తడు,” అంది మార్లిస్. “నా ఫోన్ కూడా ఎత్తడు. చేపలు మాత్రం పెట్టెలో పెట్టి పోతాడు.”

టౌనో పేరు వినగానే చక్రాల కుర్చీ కిర్రుమంది. ఇద్దరూ వెనక్కి తిరిగి చూశారు. ఆర్వో ఎడమ చెయ్యి కుర్చీ చక్రం మీద ఉంది. కళ్ళు వీళ్ళ మీదే ఉన్నాయి.

మార్లిస్ కొక్కేనికి వేలాడుతున్న కోటు తీసుకుంది.

“నువ్వు ఇతని దగ్గరుండు. నేను వెళ్ళొస్తా.”

ఆర్వో ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాక అతన్ని వదిలి ఆవిడ బయటికి వెళ్ళడం అదే మొదలు.

*

టౌనో ఇల్లు రైలు పట్టాల అవతల. పెళ్ళి చేసుకోని మనిషి. ఆర్వో, అతను ఒకే బళ్ళో చదివి, ఒకే రోజున గనిలో చేరారు. పెరటి కొట్టంలో చేపలు శుభ్రం చేసుకుంటున్న టౌనో, గుమ్మంలో మార్లిస్‌ని చూసి కత్తి కింద పెట్టాడు. కాళ్ళ వైపు చూస్తూ నిలబడ్డాడు.

“నీకే తెద్దామనుకుంటున్నా ఇవి,” అన్నాడు.

“నాకు చేపలొద్దు. ఇవాళ భోజనానికి రా.”

“అబ్బే. చేతులు చేప వాసన.”

“కడుక్కో.”

“వేరే పని ఉంది మార్లిస్.”

“ఏం పని?”

టౌనో పంపు తిప్పి చేతులు కడుక్కున్నాడు. కడుక్కున్న చేతుల్నే మళ్ళీ కడుక్కున్నాడు. మార్లిస్ కదల్లేదు. పట్టాల మీద ఖాళీ గూడ్సు పెట్టెలు ఒకదాని వెనక ఒకటి వెళ్ళేదాకా ఇద్దరూ అలాగే ఉండిపోయారు.

“అతను నీ గురించి అడుగుతున్నాడు,” అంది చివరికి.

“మాట్లాడుతున్నాడా?”

“ఒక్కో మాట. నీ పేరొక్కటే తప్పు లేకుండా వస్తుంది.”

టౌనో గోడకి చేరబడ్డాడు.

“నేను నవ్వాను మార్లిస్.”

“ఏమిటి?”

“ఆ రోజు. పై బల్ల మీద కూర్చున్నాం. నీళ్ళు పోశాను, ఆవిరి లేచింది. తిరిగి చూస్తే మూతి పక్కకి పెట్టి ఏదో అంటున్నాడు. నీకు తెలుసుగా వాడి వేషాలు! చిన్నప్పటినుంచీ అంతే కదా, టీచరు అటు తిరిగితే చాలు మూతి వంకర పెట్టి నన్ను నవ్వించి దెబ్బలు తినిపించేవాడు. మళ్ళీ మొదలెట్టాడురా అనుకున్నాను. నవ్వాను. పగలబడి నవ్వాను. ‘ఇంకా వంకర పెట్టరా’ అన్నాను. వాడు పక్కకి ఒరిగిపోయేదాకా నవ్వుతూనే ఉన్నాను.”

మార్లిస్‌కి ఈ సంగతి తెలీదు. ఆ కాస్సేపు టౌనో మీద కోపం వచ్చిందని దాచడం ఎందుకు, వచ్చింది. ఎంతసేపు నవ్వాడో అడగాలని నోటిదాకా వచ్చింది. అడిగితే అతను చెప్తాడు, చెప్తే జన్మలో మర్చిపోవడం తన వల్ల కాదు. అందుకని అడగలేదు.

“ఏ మొహం పెట్టుకుని వచ్చి వాడి ముందు కూర్చోను?” అన్నాడు టౌనో.

“ఉన్న మొహంతోనే రా. రెండోసారి అడుగుతున్నాను.”

“నా వల్ల కాదు.”

“సరే.” మార్లిస్ కోటు బొత్తాలు పెట్టుకుంది. “మూడోసారి అడగడానికి నాకు ఓపిక లేదు టౌనో. అందరి మొహమాటాలూ మోసి మోసి నా నడుం విరిగింది. మంగళవారం అతన్ని గొట్టానికి అప్పగించాలి. ఆ తర్వాత వస్తే ఖాళీ బల్ల ఉంటుంది, చూసి పో.”

గుమ్మం దాటాక వెనక్కి తిరిగి చూడలేదు.

*

అయిదింటికి బల్ల నిండింది. డొలోరస్ హాట్‌డిష్ మళ్ళీ వేడిచేసి మధ్యలో పెట్టారు, పైన బంగాళదుంప ముక్కలు ఎర్రగా వేగి ఉన్నాయి. బెవ్ రై రొట్టె తెచ్చింది. గోర్డీ ఎందుకో మూడు సీసాల ఊరగాయ దోసకాయలు తెచ్చాడు.

“మూడెందుకయ్యా?” అంది డొలోరస్.

“ఏం తేవాలో తోచలా.”

తర్వాత అందరూ కూర్చున్నారు. అక్కడితో ఆగిపోయారు.

ఆర్వో బల్లకి ఆ కొసన, తన పాత చోటులోనే ఉన్నాడు. ముందు బఠాణీ గిన్నె. మార్లిస్ చెంచా పట్టుకుని పక్కన నిలబడింది. వేడి పళ్ళెంలోంచి పొగలు లేస్తున్నాయి. ఒక్కరూ వడ్డించుకోలేదు.

“నువ్వు కానియ్ బెవ్,” అన్నాడు గోర్డీ.

“నాకంత ఆకలి లేదు. డొలోరస్?”

“నేను వండుతూ రుచి చూశాలే.”

“ఇంట్లోనే కాస్త తిన్నాను నేను కూడా,” అన్నాడు గోర్డీ. అబద్ధం. అతని కడుపు అప్పుడే గట్టిగా మూలిగింది. అందరికీ వినబడింది.

ధన్‌మని చప్పుడు. ఆర్వో ఎడమ చేత్తో బల్ల మీద కొట్టాడు. గిన్నె ఎగిరిపడింది.

“తి... నండి!”

ఆ మాటలో సగమే మాట. మిగతాది ఊపిరి. మనిషి ముఖం కందగడ్డయింది.

“చావు... ఇల్లా... ఇది?”

బెవ్ ఏడ్చేసింది. గోర్డీ మాత్రం లేచి, గరిట తీసుకుని తన పళ్ళెంలో కొండలా వడ్డించుకున్నాడు.

“క్షమించు ఆర్వో. పొద్దుటినుంచీ ఏమీ తినలేదు నేను. అబద్ధమాడాను,” అంటూ నోటినిండా కుక్కుకున్నాడు. “డొలోరస్, ఉప్పెక్కువైంది.”

“బళ్ళో రెండొందల మంది పిల్లలు తిన్నారు, ఒక్కడు అనలేదు ఆ మాట!”

“వాళ్ళు నువ్వంటే భయపడేవాళ్ళు.”

బెవ్ ఏడుపులోంచే నవ్వింది. రొట్టె కోశారు. దోసకాయ సీసా మూత రాక గోర్డీ తిట్టుకున్నాడు. బల్ల మీద కంచాల చప్పుడు మొదలైంది. మార్లిస్‌కి ఆ చప్పుడు ఎంత హాయిగా ఉందో! ఇల్లు మళ్ళీ ఇల్లయినట్టుంది. ఆశ పుట్టింది. చెంచా తీసి ఆర్వో పెదాల దగ్గర పెట్టింది.

బిగుసుకున్నాయి.

“ఆర్వో. అందరూ తింటున్నారు చూడు.”

అతను చూడటం లేదు. ఎదురుగా ఖాళీగా ఉన్న కుర్చీ వైపు చూస్తున్నాడు. చప్పుళ్ళు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

అప్పుడు పెరటి తలుపు తెరుచుకుంది.

టౌనో చొక్కా మార్చుకుని, తల తడిపి దువ్వుకుని వచ్చాడు. టోపీ చేతుల్లో నలిపేస్తున్నాడు. ఎవరూ రమ్మనలేదు, కూర్చోమనలేదు. తనే వచ్చి ఆ ఖాళీ కుర్చీలో కూర్చుని, బల్ల చెక్క వైపు చూస్తూ ఉండిపోయాడు.

“ఒరే,” అన్నాడు ఆర్వో.

టౌనో తల ఎత్తలేదు.

“టౌనో.”

నిజమే, ఆ పేరు తప్పు లేకుండా పలికాడు. టౌనో తల ఎత్తాడు. ఆర్వో ముఖం ఒక పక్క ఎలాగూ వంకరగానే ఉంది. బాగున్న రెండో పక్కని కూడా ఈడ్చి, కళ్ళు పెద్దవి చేసి, నాలుక మూలకి పెట్టి, మూడో తరగతి కుర్రాడిలా వెక్కిరించాడు.

“అప్పుడు... నవ్వావ్,” అన్నాడు. “ఇప్పుడూ... నవ్వరా.”

టౌనో నవ్వాడో ఏడ్చాడో చెప్పడం కష్టం. రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు, భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. డొలోరస్ అతని కంచంలో ఇంత వడ్డించింది. చాలాసేపటికి ఫోర్కు తీసుకుని ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. మింగడానికి ఆర్వో కన్నా ఎక్కువ కష్టపడ్డాడు.

అది చూసి ఆర్వో ఎడమ చెయ్యి చాచాడు. మార్లిస్ చేతిలోంచి చెంచా లాక్కున్నాడు. సగం చొక్కా మీద పడింది. మిగతా సగం నోట్లోకి వెళ్ళింది.

గడ్డం కిందికి వంచాడు. గొంతు కదిలింది. మళ్ళీ కదిలింది.

ఒక్కసారి దగ్గు తెరలా వచ్చింది. గోర్డీ కుర్చీ వెనక్కి పడేసి లేచాడు. ఆర్వో చెయ్యెత్తి కూర్చోమన్నాడు. దగ్గు తగ్గింది. రెండో చెంచా తీసుకున్నాడు. మూడోది. ఎవరూ అతని వైపు చూడటం లేదన్నట్టు అందరూ తలలు వంచుకుని తింటున్నారు, ప్రతి చెంచానీ మాత్రం ప్రతివాళ్ళూ చూస్తున్నారు. గిన్నెలో సగం అయింది.

“కూర్చో,” అన్నాడు ఆర్వో, మార్లిస్‌తో.

“నువ్వు తిను ముందు.”

“కూర్చో... నువ్వు.” చెంచా కింద పెట్టేశాడు.

డొలోరస్ లేచి తన పక్క కుర్చీ లాగింది. మార్లిస్ కూర్చుంది. కంచం ముందు పెట్టారు. ఇన్నాళ్ళకి కూర్చుని తిన్న మొదటి ముద్ద అది. కళ్ళనీళ్ళు కంచంలో పడుతున్నా తుడుచుకోలేదు. ఆర్వో మళ్ళీ చెంచా తీసుకున్నాడు.

“మంగళవారం... వద్దు,” అన్నాడు మెల్లగా. “తింటా.”

“ఇక గొట్టమేమిటి, దాని అవసరమే లేదు!” అంది బెవ్ ఆనందం పట్టలేక. గోర్డీ చప్పట్లు కొట్టాడు.

మార్లిస్ మాత్రం ఫోర్కు పక్కన పెట్టింది.

“ఇవాళ తిన్నావు. మీరంతా వచ్చారు కాబట్టి తిన్నావు,” అంది. “రేపు పొద్దున్నో? రేపు మధ్యాహ్నం? నేనొక్కదాన్నీ ఎదురుగా ఉంటే నోరు తెరుస్తావా ఆర్వో? నిజం చెప్పు.”

ఆర్వో కళ్ళు గిన్నె మీదికి దించుకున్నాడు. అబద్ధం చెప్పే మనిషి కాదు.

“చూశారుగా,” అంది మార్లిస్ అందరి వైపూ తిరిగి. ఆ గొంతులో కోపం లేదు, ఆశా లేదు. “రోజుకి మూడుసార్లు. ఆదివారమూ, సోమవారమూ కూడా. మంచు పడ్డా సరే. గిన్నె పెట్టి పోవడం కాదు, కూర్చుని తినాలి. ఒకపూట ఎవరూ రాకపోయారంటే ఇతను మళ్ళీ మూతి బిగిస్తాడు. అప్పటికి మంగళవారం దాటిపోయి ఉంటుంది, నేను డాక్టరుకి గొట్టం వద్దని చెప్పేసి ఉంటాను. అప్పుడు ఎండిపోయేది ఇతను. మొహమాటానికి ఎవరూ సరే అనకండి.”

బెవ్ చేతిలో రొట్టెముక్క అలాగే ఉండిపోయింది. గోర్డీకి వచ్చే వారం నుంచి రాత్రి షిఫ్టు. డొలోరస్‌కి ఇద్దరు మనవలని పొద్దున్నే బడికి దింపే పని. ఎవరి ఇబ్బంది వాళ్ళ కళ్ళ ముందు తిరిగింది. ఇన్నేళ్ళలో ఆ బల్ల దగ్గర ఎవరూ ఎవరినీ ఇంత పెద్ద సాయం అడిగి ఎరగరు.

“పొద్దున్న ఏం తింటాడు?” అన్నాడు టౌనో.

అందరూ అతని వైపు చూశారు.

“ఓట్స్ జావ,” అంది మార్లిస్. “ఏడింటికి.”

“నాకూ అదే అలవాటు.”

“టౌనో, నువ్వు నా ఫోన్ ఎత్తని మనిషివి. ఇన్నాళ్ళు పెట్టెలో చేపలు పడేసి పారిపోయినవాడివి.” మార్లిస్ ఒక్కో మాటా తూచి అంది. “నీ మాట నమ్మి నేను మంగళవారం మానేస్తే, ఒక పొద్దున నువ్వు రాకపోతే, ఈసారి ఇతను పడిపోవడం మెల్లగా ఉంటుంది. రోజూ కొంచెం కొంచెంగా. అది కూర్చుని చూడగలవా?”

టౌనో లేచిపోతాడేమోననిపించింది డొలోరస్‌కి. అతని చెయ్యి టోపీ మీదికి వెళ్ళింది కూడా.

ఆర్వో ఆ చెయ్యినే చూస్తున్నాడు. నోటి దగ్గరికి ఎత్తిన చెంచా అక్కడే ఆగిపోయింది. టౌనో టోపీ తీసి కుర్చీ కింద పెట్టి, “ఏడింటికి తలుపు తీసి ఉంచు,” అన్నాడు.